కరి సారు, మా మామ షెడ్డు

మా మామ షెడ్డులో ఆయుధపూజ తెల్లారకముందే మొదలయ్యేది. ముందురోజు రాత్రే స్పానర్లు, జాకీలు, గ్రీజుగన్ను, బెంచి వైసు అన్నీ కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టేవాళ్లం. పొద్దున వాటిని కొత్త గోనెపట్టా మీద వరసగా పేర్చి, విభూతి పట్టెలు వేసి, కుంకుమ బొట్లు పెట్టి, బొరుగులు, పుట్నాలు, బెల్లం నైవేద్యం పెట్టేవాళ్లం. బూడిదగుమ్మడికాయ కొట్టే పని మామది. తిరుపతిలో ఆ రోజు ఏ షెడ్డుకు పోయినా ఇంతే. మా దగ్గర తేడా ఒక్కటే. వెంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కన, అద్దం బిగించిన చిన్న ఫ్రేములో ఒక ఫోటో ఉండేది. ఏదో ఇంగ్లిషు పత్రికలోంచి కత్తిరించింది. నేలకు ఆనుకుని ఉండే కారు, నాలుగు చక్రాలూ బయటికే కనిపిస్తాయి, లోపల హెల్మెట్ పెట్టుకున్న మనిషి. స్వామికి బొట్టు పెట్టిన చేత్తోనే మామ దానికీ పెట్టేవాడు. ఏటేటా పెట్టీ పెట్టీ అద్దం మీద కుంకుమ గట్టిపడి, ముందు చక్రం ఒకటి కనబడకుండా పోయింది.

"ఎవరప్పా ఈయన? మీ బంధువా?" అని టాక్సీవాళ్లు అడిగితే "మా కరి సారు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. బంధుత్వం మాట అటుంచి, మామ ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడింది లేదు.

ఆయన పేరు ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు మనిషి. రేసుల్లో కార్లు నడిపాడు, రేసు కార్లు తయారుచేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఇవాళ మన ఊళ్లో ఆ పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. రంజీల్లో ఆడి మానేసిన క్రికెటర్ల పేర్లు కూడా కంఠస్థం చేసే జనం మనం! మామ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే, ఏ ముచ్చట మొదలుపెట్టినా అది ఈయన దగ్గరికే పోతోంది. సరే, పోనీ.

మా షెడ్డు లీలామహల్ సెంటర్ దాటి కరకంబాడి రోడ్డు వైపు ఉండేది. కొండకు తిరిగే టాక్సీలే మాకు అన్నం పెట్టేవి. అప్పట్లో ఎక్కువగా అంబాసిడర్లే. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీద దిగడం, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కడం. ఎక్కేటప్పుడు ఒక జబ్బు, దిగేటప్పుడు ఇంకో జబ్బు. ఎండాకాలం ఎక్కుతుంటే ఇంజను వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి నిలబడిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, యాత్రికుల కూజాలోని నీళ్లే దాని మీద పోసి, గోవిందా గోవిందా అనుకుంటూ పక్కన కూర్చునేవాడు. దిగేటప్పుడు బండిని న్యూట్రల్లో వదిలి పెట్రోలు మిగుల్చుకుందామనుకునే మహానుభావులుండేవాళ్లు. వాళ్లు బ్రేకులు కాల్చుకుని అలిపిరి దగ్గర పొగలు కక్కుకుంటూ ఆగేవాళ్లు.

అలాంటి బండి వస్తే మామ ముందు డ్రమ్ము ఊడదీసి, లైనింగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. "ఏ గేర్లో దిగినావు నాయనా?" అని అడిగేవాడు. "సెకండ్లోనే అన్నా" అని అవతలి నుంచి జవాబు. మామ ఏమీ అనకుండా నల్లగా మెరిసిపోతున్న ఆ లైనింగు తీసి డ్రైవరు చేతిలో పెట్టేవాడు. వాడు దాన్ని పట్టుకుని నేలచూపులు చూసేవాడు.

ఇంజను దగ్గర మామ చేసే పనులు చూడటానికే నేను బడి వదలగానే షెడ్డుకు పరిగెత్తేవాణ్ణి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఏ ట్యాపెట్ వదులైందో, ఏ బేరింగు అరిగిందో ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. స్పార్కుప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూసేవాడు. మొన ఇటుక రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం మామ మొహం మారిపోయేది. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, లోపల విపరీతంగా కాగుతోందని అర్థం. అట్లాగే తోలితే పిస్టను తలకు బొక్క పడుతుంది.

ఎంత చిన్న పనైనా సరే, చేశాక బండిని తానే తోలి చూసేవాడు. కుర్రాళ్లకు ఇచ్చేవాడు కాదు. అలిపిరి దాకా పోయి తిరిగొచ్చి, దిగి, మళ్లీ బానెట్ ఎత్తి ఏదో ఒక స్క్రూ పావు తిప్పు తిప్పితే గానీ బండి ఓనరుకు అప్పగించేవాడు కాదు. పెట్రోలు దండగ కదా అని మా అత్త గొణిగేది. "చేసినోడే తోలల్ల. తోలితేనే తెలిసేది" అనేవాడు. ఈ మాట మామ కోయంబత్తూరులో నేర్చుకున్నది.

మామ పదో తరగతి తప్పాక ఎవరో తెలిసినవాళ్లను పట్టుకుని కోయంబత్తూరు పోయాడు. పంపుసెట్లు, లేతులు, ఫౌండ్రీలు, నూలుమిల్లులు ఉన్న ఊరు. ఇనుము పని తెలిసినవాడికి అక్కడ కొదవలేదు. పైగా ఊళ్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అది వేరే యాస తెలుగు. మామ ఒక లేతు వర్క్‌షాపులో చేరి టర్నింగు, వెల్డింగు నేర్చుకుని, తర్వాత మోటారు మెకానిక్కు అయ్యాడు. జి.డి. నాయుడు కథలు మామ నోటి నుంచే మొదట విన్నాను. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, బస్సుల కంపెనీ అధిపతి అయ్యి, ఎలక్ట్రిక్ మోటార్ల దగ్గర్నుంచి షేవింగ్ రేజర్ దాకా తయారుచేసిన మనిషి. ఆయన కథలు చెప్పేటప్పుడు మామ కాస్త ఉప్పూకారం కలిపేవాడని నా అనుమానం.

కరివర్ధన్ విషయంలో మాత్రం కలిపేవాడు కాదు. చూసింది చూసినంతే చెప్పేవాడు. డబ్బున్న ఇంటి బిడ్డ. పెద్ద పారిశ్రామిక కుటుంబం. అయినా బండి కింద పడుకునేవాడట, గ్రీజు చేతులతోనే టీ గ్లాసు పట్టుకునేవాడట. మామను కట్టిపడేసింది ఆ ఒక్క సంగతే. "డబ్బుండేటోళ్లు బండి కొంటారు, తోలుతారు, చెడిపోతే ఇంకోటి కొంటారు. చేతులు నల్లగా చేసుకునేటోణ్ణి యాడన్నా చూసినావా అల్లుడూ?" అనేవాడు. నేను చూడలేదు. ఇప్పటికీ ఎక్కువమందిని చూడలేదు.

నన్ను మొదటిసారి షోళవరం తీసుకుపోయినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. షోళవరం మద్రాసుకు ఉత్తరాన, నగరానికి నీళ్లిచ్చే చెరువు ఉన్న ఊరు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ పాత రన్‌వే మీదే ఏటా రేసులు నడిపేది. తిరుపతి నుంచి దానికి మద్రాసు సిటీలోకి పోవాల్సిన పనే లేదు. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా పోతే పెద్ద రోడ్డు ఎక్కగానే షోళవరం దాపులో తేలతాం. ఎవరిదో టాక్సీ, రిపేరుకు వచ్చిన బండి, దాని ఓనరు కూడా మాతోపాటే. తోవలో సురుటుపల్లిలో ఆపారు. శివుడు పడుకుని ఉండే గుడి అది, అమ్మవారి ఒళ్లో తల పెట్టుకుని. "విషం మింగినాయన అలసిపోయి పడుకున్నాడు" అని మామ చెప్పాడు. తొందరగా దండం పెట్టుకుని రమ్మని మా అందరినీ తరిమాడు. రేసు మొదలైపోతుందని టెన్షన్.

ఎండ, దుమ్ము, పొడుగాటి కాంక్రీటు పట్టీ, దాని పక్కన గడ్డిమోపులు. అదీ షోళవరం. గ్యాలరీలూ గీలరీలూ మేమున్న వైపు ఏమీ లేవు. పంచె ఎగగట్టుకున్న పల్లెటూరివాళ్లూ, నల్లకళ్లద్దాల మద్రాసు కుర్రాళ్లూ పక్కపక్కనే నిలబడ్డారు. మోటారు సైకిళ్లు పోయాక గాలిలో ఆముదం కాలిన వాసన మిగిలేది. రేసు బళ్లలో ఆముదంతో చేసిన ఇంజను ఆయిలు పోస్తారని మామ చెప్పాడు. మా అమ్మమ్మ తలకు రాసేదాన్ని ఇంజనుకు పోస్తారంటే నేను నమ్మలేదు. ఫియట్ కార్లు వచ్చినప్పుడు ఇంకా ఆశ్చర్యం. మా వీధి డాక్టరుగారు మెల్లగా తోలుకునే ఫియట్టే, సీట్లూ గీట్లూ పీకేసి, బంపర్లు తీసేసి, సైలెన్సరు లేకుండా గర్జిస్తూ మూలమలుపు తిరుగుతుంటే లోపలి చక్రం నేల వదిలి పైకి లేచింది. ఈ కారు ఇట్లా కూడా పోతుందా అనిపించింది.

మామ మాత్రం రేసు సగమే చూశాడు. మిగతా సగం పిట్ల వైపే కన్ను. కార్లు రిపేరు చేసుకునే ఆ చోటికి మమ్మల్ని పోనివ్వరు కాబట్టి తాడు అవతలి నుంచే మెడ సాచి చూస్తున్నాడు. "అదిగో, అదిగో కరి సారు" అని నా భుజం నొక్కాడు. దూరం నుంచి నాకు కనబడింది ఒక కారు మీదికి వంగిన వీపు మాత్రమే. ఆ వీపు ఆయనదో కాదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. మామకు మాత్రం సందేహమే లేదు.

అప్పటి రేసుల్లో ఒక పెద్ద చిక్కు ఉండేది. అది అర్థమైతేనే కరివర్ధన్ చేసిన పని విలువ తెలుస్తుంది. అసలైన రేసు కారు కావాలంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. విజయ్ మాల్యా ఎన్‌సైన్ కంపెనీ ఫార్ములా వన్ కారు, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్ రేసుల్లో నడిచే కారు, తెప్పించుకుని షోళవరంలో తోలింది ఆ కాలంలోనే. అంత స్తోమత ఎవరికుంటుంది? దిగుమతి సుంకాలు, విడిభాగాలు దొరక్క పడే తిప్పలు, ఏ బోల్టు విరిగినా ఇంగ్లండు నుంచి వచ్చేదాకా కారు మూలన పడి ఉండటం. అంటే తోలగలిగినవాడు కాదు, కొనగలిగినవాడే రేసరు. మిగతావాళ్లకు ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లే గతి. మన రోడ్ల కోసం చేసిన బళ్లను వంచి, దంచి, పరిగెత్తించడమే.

అప్పుడు మారుతి వచ్చింది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళంచెవులు ఢిల్లీలో ఇచ్చారు. తిరుపతికి ఆ బండి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మొదట షెడ్డుకు వచ్చిన మారుతిని ముట్టుకోవడానికి మేస్త్రీలు భయపడ్డారు. ఇంజను అడ్డంగా ఉంది. తిరిగేది ముందు చక్రాలు. మూడే సిలిండర్లు, 796 సీసీ. చేత్తో ఎత్తి పక్కన పెట్టేయవచ్చు అనిపించేంత చిన్నది. "ఇది ఘాట్ ఎక్కుతుందా? కుట్టుమిషన్ మాదిరి ఉండాది" అని ఒక సీనియర్ మేస్త్రీ నవ్వాడు. అది అంబాసిడర్లను దాటుకుంటూ, తడిగుడ్డ అవసరం లేకుండా కొండెక్కింది. మామ ఒక ఇంజనును పూర్తిగా విప్పి, ప్రతి ముక్కా బల్ల మీద పరిచి, ఏది ఎక్కడిదో పలకమీద బొమ్మలు గీసుకున్నాడు. ఆ పలక నా రెండో తరగతిది.

ఆ మారుతి ఇంజనునే తీసుకుని కరివర్ధన్ ఒంటిసీటు రేసు కారు కట్టాడు. ఫార్ములా మారుతి అంటారు. ముందు ఉండాల్సిన ఇంజనును తీసుకెళ్లి డ్రైవరు వీపు వెనక పెట్టాడు. తేలికపాటి బాడీ. నేలకు జానెడెత్తున కూర్చునే సీటు. గుర్రపుబలం చూస్తే మామూలు మారుతిదే కదా అని చప్పరించేవాళ్లు ఉన్నారు. కానీ బండి బరువు తగ్గించి, దాన్ని నేలకు దించి, డ్రైవరును చక్రాల మధ్యకు తెచ్చేసరికి అదే ఇంజను ఇంకో అవతారం ఎత్తింది. ఇంకా ముఖ్యమైనది, అందరి కారూ ఒకటే. ఎవడి ఇంజను పెద్దది అనే పేచీ లేదు. మలుపులో ఎవడు ఆలస్యంగా బ్రేకు పట్టాడు, ఎవడు ముందుగా యాక్సిలరేటరు తొక్కాడు అన్నదే లెక్క. పాడైతే విడిభాగం ఇంగ్లండు నుంచి రానక్కర్లేదు. ఏ ఊళ్లో అయినా మారుతి స్పేరుపార్టుల కొట్టుకు పోతే చాలు.

మామ దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద సంగతి. ట్రోఫీలు, రికార్డులు ఆయన లెక్కలో తర్వాత. "మన షెడ్లో ఉండే ఇంజనే అల్లుడూ. ఈ బల్ల మీద మనం విప్పి పెట్టుకుండామే, అదే. దాన్ని పెట్టుకుని రేసు పోతా ఉండారు" అని వచ్చిన ప్రతి కస్టమరుకూ చెప్పేవాడు. ఆ కస్టమర్లలో సగం మంది కార్బరేటరు ఎప్పుడు బిగిస్తావు, కొండ మీద దర్శనం టైము అయిపోతోంది అని తొందరపెట్టేవాళ్లే. మామ వినిపించుకునేవాడు కాదు.

తర్వాత షోళవరం రోజులు అయిపోయాయి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన రేస్ ట్రాక్ వచ్చింది. మాకు దారి కూడా మారింది. నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోవాలి. ఫార్ములా మారుతిని నేను దగ్గర్నుంచి చూసింది అక్కడే. మామ మోకాళ్ల మీద కూర్చుని, కారు వెనకభాగం కిందికి తొంగిచూసి, "గేర్ లింకు ఎట్ల తిప్పినాడో చూడు!" అని ఒకటే సంబరం. ముందు పెట్టాల్సిన ఇంజను వెనక్కి పోతే గేరు రాడ్డు అంత దూరం నుంచి ఎట్లా పనిచేస్తుందా అని మామకు చాలాకాలంగా కొరుకుడుపడని ప్రశ్న. దాని జవాబు కళ్లారా చూశాడు. ఆ రోజు ఎవరు గెలిచారో మా ఇద్దరికీ గుర్తులేదు.

ఆ ఫార్ములా మారుతిలో రేసులు మొదలుపెట్టిన కుర్రాళ్లలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. అదీ కోయంబత్తూరు సరుకే.

నేను ఉద్యోగంలో చేరి, ఇంటర్నెట్ అలవాటయ్యాక, కార్లు కట్టి తామే తోలిన మనుషుల గురించి వెతుక్కుని చదివేవాణ్ణి. తిరుపతి వచ్చినప్పుడల్లా మామకు వాళ్ల కథలు చెప్పడం ఒక పని. అన్నిటికన్నా మామకు నచ్చింది జాక్ బ్రాబమ్ కథ. ఆస్ట్రేలియావాడు, వాళ్ల వైమానిక దళంలో మెకానిక్కుగా పనిచేశాడు. 1959, 1960లో కూపర్ కార్లలో ప్రపంచ చాంపియన్. ఇంజను డ్రైవరు వెనక ఉన్న కారులో ఆ టైటిల్ గెలిచిన మొదటివాడు ఆయనే. ఆ తర్వాత రాన్ టొరానాక్‌తో కలిసి సొంత కార్లు కట్టాడు. 1966లో ఫార్ములా వన్ ఇంజను సైజును మూడు లీటర్లకు పెంచినప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు తర్జనభర్జన పడుతుంటే, ఈయన ఆస్ట్రేలియాలోని రెప్కో అనే విడిభాగాల కంపెనీ చేత ఇంజను చేయించాడు. దాని బ్లాకు ఎక్కడిది? అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ అనే మామూలు రోడ్డు కారుకు వేసిన అల్యూమినియం బ్లాకు. దాంతోనే ఆ ఏడాది వరసగా నాలుగు గ్రాండ్ ప్రీలు (ఫార్ములా వన్ రేసులను అట్లా అంటారు) గెలిచి, నలభై ఏళ్ల వయసులో చాంపియన్ అయ్యాడు. తన పేరున్న కారులో తానే ప్రపంచ చాంపియన్ అయినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే.

ఓల్డ్స్‌మొబైల్ బ్లాకు మాట వినగానే మామ తొడ మీద చరిచాడు. "నేను చెప్పలా? రోడ్డు బండి ఇంజనే!" బ్రాబమ్ విషయంలో ఇంకేమీ వినకుండానే ఆయన కూడా మనవాడైపోయాడు.

ఆయన ముసలివాడైపోయాడని పత్రికలవాళ్లు రాస్తే, హాలండులోని జాండ్‌ఫోర్ట్‌లో పెట్టుడు గడ్డంతో, చేతికర్ర పట్టుకుని కుంటుతూ కారు దగ్గరికి వచ్చి, ఎక్కి, ఆ రేసు గెలిచాడని చెబితే మామ చాలాసేపు నవ్వాడు. 1959 కథ దగ్గర మాత్రం చిరాకుపడ్డాడు. అమెరికాలో సెబ్రింగ్ అనే చోట ఆఖరి రేసు. గెలుస్తున్న బ్రాబమ్‌కు చివరి ల్యాపులో పెట్రోలు అయిపోయింది. దిగి, కారును తోసుకుంటూ పోయి గీత దాటించి నాలుగోవాడుగా వచ్చాడు, చాంపియన్ అయ్యాడు. "అంత పెద్ద మెకానిక్కు, పెట్రోలు లెక్క చూసుకోలేదా?" అన్నాడు మామ. బరువు తగ్గుతుందని తక్కువ పోసుకుని ఉంటాడు మామా అంటే, "తక్కువ పోసుకో, వద్దన్లా. లెక్క చూసుకోవల్ల గదా" అని ఆ రోజంతా అదే పాట.

ఆ రేసు గెలిచింది బ్రూస్ మెక్‌లారెన్. బ్రాబమ్ జట్టులోనే ఉన్న న్యూజిలాండు కుర్రాడు, అప్పటికి 22 ఏళ్లు. చిన్నప్పుడు తుంటి ఎముక జబ్బుతో చాలాకాలం మంచానికే అతుక్కుపోయాడు. ఒక కాలు పొట్టిగా మిగిలింది. వాళ్ల నాన్నకు ఆక్లాండులో మోటారు గ్యారేజీ ఉండేది. 1963లో సొంత జట్టు పెట్టి, 1968లో బెల్జియంలో తన పేరున్న కారులో గ్రాండ్ ప్రీ గెలిచాడు. ఆయన పేరుతో ఉన్న జట్టు ఇవాళ కూడా ఫార్ములా వన్‌లో పరిగెడుతోంది. ఆయన మాత్రం 1970 జూన్ 2న పోయాడు. ఇంగ్లండులో గుడ్‌వుడ్ ట్రాక్ మీద తన కొత్త కారును తానే పరీక్షిస్తుంటే వెనకభాగం మూత ఎగిరిపోయి, కారు అదుపు తప్పి గుద్దుకుంది. 32 ఏళ్లు. ఈ కథకు మామ ఏమీ అనలేదు. "చేసినోడే తోలల్ల" అనే మాటకు ఇంకో వైపు కూడా ఉంది కదా.

కరివర్ధన్ పోయింది రేస్ ట్రాక్ మీద కాదు. చిన్న విమానం కూలి. ఇంకా ఎన్ని బళ్లు కట్టేవాడో అనిపించే వయసు. కబురు మాకు కోయంబత్తూరులోని మామ పాత దోస్తు ఫోన్ చేస్తే తెలిసింది. షెడ్డుకు ఫోన్ లేదు, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు చేసి పిలిపించాడు. మామ మాట్లాడి వచ్చి, సగం బిగించిన క్లచ్ ప్లేటు పని పూర్తిచేసి, బండి తోలి చూసి, ఓనరుకు అప్పజెప్పి, అప్పుడు షట్టరు దించాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు ఆయుధపూజకు ఫోటోకు కుంకుమతో పాటు చామంతి దండ కూడా పడింది. ఆ తర్వాత ప్రతి ఏడూ పడుతూనే ఉంది.

2005లో నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లోకి పోయాడు. మన దేశం నుంచి మొదటివాడు. ఆస్ట్రేలియా రేసు చూడటానికి మామ తెల్లారి లేచి టీవీ ముందు కూర్చున్నాడు. జోర్డాన్ కారు ఆ ఏడాది వెనకపడే కారు. మామకు అదేమీ పట్టలేదు. తెరమీద పసుపు రంగు కారు కనిపించినప్పుడల్లా మా అత్తను వంటింట్లోంచి పిలిచేవాడు, ఆవిడ వచ్చేసరికి అది పోయేది. అమెరికా రేసులో నారాయణ్ నాలుగో స్థానంలో వచ్చాడని పేపర్లన్నీ రాశాయి. టైర్ల గొడవతో మిషెలిన్ టైర్ల జట్లన్నీ పక్కకు తప్పుకుని, ఆరు కార్లే పరిగెత్తిన రేసు అది. నేను ఫోన్ చేసి సంబరంగా చెబితే, "ఆరు బండ్లలో నాలుగోది. మనోడే, కాదన్లా. కానీ నాలుగోదని ఊరంతా చెప్పుకోబాకు" అన్నాడు. ఆ సాయంత్రమే షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ "మావోడు ఫార్ములా వన్‌లో నాలుగో ప్లేసు" అని చెప్పాడని మా అత్త నాకు తర్వాత చేరవేసింది.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో 2003లో కట్టిన ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. దేశంలో ఇన్ని స్టేడియాలున్నాయి, ఎన్నింటికి ఆటగాళ్ల పేర్లున్నాయి? మెకానిక్కు చేతులున్న రేసరు పేరు ఒక ట్రాక్‌కు దక్కిందంటే, నన్నడిగితే, అది ఏ పద్మ అవార్డుకూ తీసిపోదు.

మామకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, షెడ్డు పని కుర్రాళ్లకు వదిలేశాక, ఆయన్ను అక్కడికి తీసుకుపోయాను. ఆ రోజు ఎల్‌జీబీ ఫార్ములా కార్ల రేసు. అవీ మారుతి ఇంజనుతో నడిచే ఒంటిసీటు కార్లే, ఫార్ములా మారుతికి తమ్ముళ్లు. పిల్లలు తోలుతున్నారు, కొందరికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. అమ్మాయిలు కూడా ఉన్నారు. పిట్ల దగ్గరికి మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఒక కుర్ర మెకానిక్కు లాప్‌టాప్ వైరు ఇంజనుకు తగిలించి ఏవో గీతలు చూసుకుంటున్నాడు. మామ కాసేపు ఆ గీతల వైపు చూసి, తర్వాత ఇంజను మీదికి చెవి వంచి, "మూడో దాంట్లో ఏదో తేడా ఉండాది తంబీ" అని తమిళం కలిపి చెప్పాడు. ఆ పిల్లవాడు మర్యాదకు తలూపాడే గానీ లాప్‌టాప్ మీద నుంచి చూపు తిప్పలేదు. కాసేపటికి ప్లగ్గు స్పానరు తెచ్చుకుని మూడో ప్లగ్గు విప్పాడు. మొన తెల్లగా ఉంది. వాడు మామను, "అయ్యా, మీరు ఏ టీములో పనిచేశారు?" అని అడిగాడు.

"తిరుపతిలో. టాక్సీలు" అన్నాడు మామ.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఇంజెక్టర్ల గురించి, పాత కార్బరేటర్ జెట్ల గురించి మొదలుపెట్టారు. రేసు మొదలైంది, అయిపోయింది, బహుమతులు కూడా ఇచ్చేశారు. రాత్రి రైలుకు టైము అవుతోందని నేను చెయ్యి పట్టి లాగితే గానీ మామ కదల్లేదు. స్టేషన్లో ఇడ్లీ తింటూ, మళ్లీ రేసు ఎప్పుడుందో ఆ పిల్లోడిని అడిగి నంబరు రాసుకున్నానని, వచ్చేసారి మా అత్తను కూడా తీసుకుపోదామని చెప్పాడు. అత్త రాదని ఇద్దరికీ తెలుసు.